పిట్టల యాప్‌కి మూడున్నర మార్కులు

వారం రోజులు వాడేసి అయిదు చుక్కలు ఇచ్చేసేవాళ్ళ మాట నేను నమ్మను. ఈ యాప్‌ని నేను పద్నాలుగు నెలలు వాడాను. పొద్దున్న కాఫీ గ్లాసుతో మేడ మీదికి, సాయంత్రం బట్టలు తియ్యడానికి మళ్ళీ మేడ మీదికి. రెండు పూటలా ఫోన్ చేతిలోనే. యాప్ పేరు మాత్రం రాయను. ఉచితంగా ఇచ్చినవాళ్ళకి తప్పులెన్నబోతున్నాను, పేరు పెట్టి మరీ దులపడం బాగోదు. ఇలాంటివి రెండు మూడున్నాయి, అన్నిటి పనీ ఒకటే. పిట్ట కూస్తుంటే బటన్ నొక్కి ఫోన్ అటు పెడితే, ఏ పిట్టో రాసి చూపిస్తాయి.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా మార్కులకి విలువ ఉండదు. 1985లో విజయనగరంలో, ఊరి నుంచి ఊరికి ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటర్‌గా చేరాను. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ వీఆర్ఎస్ గుంపులో బయటికొచ్చాను. మొదటి పదేళ్ళూ చెవికి హెడ్‌సెట్, చేతిలో ప్లగ్గు తీగ, ముందు కాల్‌కి ఒకటి చొప్పున రాసే టికెట్ల కట్ట. కాల్స్‌లో రకాలు: ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్, పీపీ కాల్. పీపీ అంటే ఫలానా మనిషే లైన్లోకి రావాలి, వేరేవాళ్ళు వస్తే కుదరదు. అందుకని గొంతులు గుర్తుపట్టడం మాకు అన్నంపెట్టిన విద్య. పలాస జీడిపప్పు షావుకారు ఒకాయన ఉండేవాడు. ఆయన హలో అనక్కర్లేదు, దగ్గితే చాలు నంబరు కలిపేసేదాన్ని.

ఒక్కసారి మాత్రం దెబ్బతిన్నాను. బొబ్బిలి వైపు ఒకింట్లో అన్నదమ్ములిద్దరిదీ ఒకే గొంతు. అన్నకి పీపీ కాల్ వస్తే తమ్ముడు ఎత్తాడు, నేను అన్నే అనుకుని కలిపేశాను. తమ్ముడు వినకూడని మాట తమ్ముడే విన్నాడు. ఆ ఇంట్లో ఏమైందో నాకు తర్వాత తెలిసింది కానీ ఇక్కడ రాయను. ఆ తర్వాత ఇద్దర్నీ ఎన్నోసార్లు విన్నాను. శ్రుతి ఒకటే, మాట తీరూ ఒకటే. అన్న మాత్రం మాటకి ముందు చిన్నగా ఊపిరి పీల్చేవాడు. తేడా గొంతులో లేదు, గొంతు మొదలవక ముందున్న ఖాళీలో ఉంది.

కాబట్టి హైదరాబాదు నుంచి వచ్చిన మా అమ్మాయి "అమ్మా, నీకిది సరదాగా ఉంటుంది" అని ఈ యాప్ వేసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా మేడ మీద కూసే పిట్టని పోల్చుకోవడానికి నాకు ఫోన్ కావాలా?

కావాలిట. మొదటి వారంలోనే పరువు పోయింది.

పెరట్లో మామిడి మీద పొద్దున్నే "చిక్, చిక్, చిక్" అని ఆగకుండా ఒకటి అరుస్తుంది. ఆరేళ్ళుగా దాన్ని ఏదో చిన్న పిట్ట అనుకుంటున్నాను, మనవడికి కూడా అలాగే చెప్పాను. యాప్ పెట్టాను. ఏమీ రాయలేదు. మళ్ళీ పెట్టాను. తెర మీద గీతలు చక్కగా పడుతున్నాయి, పేరు మాత్రం రావడం లేదు. పనికిమాలిన యాప్ అనుకుని చెట్టు కిందికెళ్ళి తలెత్తి చూశాను. కొమ్మకి అతుక్కుని, అరుపు అరుపుకీ తోక ఎగరేస్తూ, ఉడుత. కింద గోడ మీద పక్కింటి పిల్లి కూర్చునుంది. ఉడుత పిల్లిని చూసి తిడుతున్న తిట్లన్నమాట ఆరేళ్ళుగా నేను విన్న సంగీతం. యాప్‌కి ఉడుత తెలియదు, తెలియనప్పుడు నోరు మూసుకుంది. నేను నోరు మూసుకోలేదు. అక్కడ ఒక మార్కు ఇచ్చేశాను.

లోపల ఏం చేస్తుందో చెప్తే చాలామంది నమ్మరు. ఈ యాప్ కూతని బొమ్మగా మార్చి చూస్తుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింద నుంచి పైకి శ్రుతి. కోయిల కూత ఆ బొమ్మలో ఒకదాని కన్నా ఒకటి ఎత్తుగా లేచే వంపులు. జెముడు కాకి "ఊప్ ఊప్" మంటే అట్టడుగున ముద్దలు ముద్దలుగా పడుతుంది. తేనెపిట్టది పైన ఎక్కడో గోటితో గీకినట్టుంటుంది. పేర్లు రాసిపెట్టిన వేల రికార్డింగుల బొమ్మలతో శిక్షణ ఇచ్చారు కాబట్టి దీన్ని వాటితో పోల్చి పేరు చెప్తుంది. మన ప్రాంతం పిట్టల మూటని ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకపోయినా పని చేస్తుంది, అది నిజంగా మెచ్చుకోవాలి.

పెద్ద గొంతుల దగ్గర తడబాటు లేదు. కోయిల, గోరింక, రామచిలుక, పిగిలిపిట్ట, తీతువు, అన్నీ టక్కున రాసేస్తుంది. కోయిల దగ్గరే నేను ఇంకో పాఠం నేర్చుకున్నాను. "కుహూ" అనేది మగది. ఆడది "కిక్ కిక్ కిక్" అని తరుముకొస్తున్నట్టు అరుస్తుంది. ఆ రెండూ రెండు జాతులని నేను నలభై ఏళ్ళు అనుకున్నాను. మన కవులు కూడా తక్కువ తినలేదులెండి, కోయిలమ్మ పాడుతుందని రాసి రాసి మనల్ని చెడగొట్టారు. అమ్మ పాడదు, కాకి గూట్లో గుడ్డు పెట్టే పనిలో ఉంటుంది.

కంసాలి పిట్ట మాత్రం వినడానికి సుఖం. "టక్, టక్, టక్" అని నిమిషానికి నూరు దెబ్బలకి పైనే, ఒకే తూకంలో. మొదట విన్నప్పుడు మా వీధిలో ఎవరో ఇత్తడి పని పెట్టుకున్నారనుకున్నాను. మా పెద్దత్తగారి ఊరు బుడితి పక్కనే. అక్కడ ఇత్తడి సామాన్లు చేసేవాళ్ళ ఇళ్ళ మధ్య నడిస్తే చెవులకి ఇదే దెబ్బ. ఈ పిట్ట ముక్కు మూసుకునే కూస్తుంది, గొంతు కింద చర్మం మాత్రం ఉబ్బుతుంది. కూస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి ఒక దెబ్బ రావిచెట్టు నుంచి, ఇంకో దెబ్బ వాటర్ ట్యాంకు నుంచి వచ్చినట్టుంటుంది. రెండు పిట్టలని నేను పందెం కాశాను. ఒకటే.

ఇక అసలు గొడవ చిన్నవాళ్ళ దగ్గర. ఆకులు కుట్టి గూడు కట్టే దర్జీ పిట్ట అరచేతిలో సగం ఉండదు, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. "టువిట్, టువిట్, టువిట్" అని ఒకే మాట పట్టుకుని పదిసార్లు, పదిహేనుసార్లు. మా గుమ్మం ముందు మందారం పొదలో ఇంకో బూడిద రంగు బుల్లి పిట్ట ఉంటుంది. దీన్ని యాషీ ప్రీనియా అంటారు. ఇదీ తోక నిక్కబొడుచుకునే తిరుగుతుంది, ఇదీ ఒకే మాట పట్టుకుని వాయిస్తుంది. ఆర్నెల్లు ఒకదాని టికెట్ ఇంకోదాని పేరు మీద రాశాను. యాప్ కూడా ఒక్కో రోజు ముందు దర్జీ అని, అర నిమిషం పోయాక ప్రీనియా అని రాస్తుంది.

చివరికి నా పాత చెవే ఆదుకుంది. ప్రీనియా కంగారుపడి పొదలోంచి పొదలోకి ఎగిరేటప్పుడు "టిట్ టిట్ టిట్" అని చిటపటమంటుంది. ఎక్స్చేంజ్‌లో లైన్లు కలిపే వందల రిలే స్విచ్చులు ఒక్కసారి కొట్టుకుంటే వచ్చే శబ్దం అచ్చం అదే. ఆ గదిలో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దర్జీ పిట్ట ఆ చిటపట చెయ్యదు. పాట వింటున్నంతసేపూ తేల్చుకోలేకపోయాను, పాట ఆగాక వచ్చే చప్పుడుతో తేలిపోయింది. అన్నగారి ఊపిరిలాగే.

పై శ్రుతుల దగ్గర మాత్రం నేను ఓడిపోయాను, యాప్ గెలిచింది. హెడ్‌సెట్ పదేళ్ళూ ఎడమ చెవికే ఉండేది. దానివల్లో, వయసువల్లో తెలీదు కానీ చెవి పరీక్ష చేయిస్తే 4000 హెర్ట్జ్ దాటాక ఎడమ చెవి గీత మెట్ల మీంచి జారినట్టు జారింది. ఎదురింటి మామిడికి బదనిక పట్టింది. ఆ బదనిక పళ్ళ కోసం ఫ్లవర్‌పెక్కర్ అనే బొటనవేలంత పిట్ట వస్తుంది. ఒకరోజు ఫోన్ పిట్టగోడ మీద పెట్టి కూర్చున్నాను. నాకేమీ వినపడటం లేదు. తెర మీద మాత్రం పైభాగాన చిన్న చిన్న నిలువు గీతలు, కుట్టుమిషను వేసిన కుట్లలా వరసగా పడుతున్నాయి. పేరు వచ్చింది, వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది. కుర్చీ తిప్పి కుడి చెవి అటు పెట్టాను. అప్పుడు వినిపించింది, కత్తెర మొనలు రెండూ తగిలినట్టు. ఎడమ చెవి మళ్ళీ అటు పెట్టాను. నిశ్శబ్దం, తెర మీద కుట్లు. అలా ఎంతసేపు తిప్పుకుంటూ కూర్చున్నానో, కింద పాలు పొంగి గట్టంతా అయింది.

మా అప్పకి, అంటే అక్కకి, శ్రీకాకుళం జిల్లా కవిటిలో కొబ్బరితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి సగం చెట్లు పడిపోయాయి, మళ్ళీ వేసినవి ఇప్పుడు మనిషెత్తు దాటాయి. యాప్ సంగతి చెప్పాక అప్ప ఉత్సాహపడి రోజూ ఫోన్ చేసి, "ఇదిగో ఇను, ఇదేటి పిట్టో సెప్పు" అని ఫోన్ చెట్టుకేసి పట్టుకునేది. నాకు గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. అప్ప నొచ్చుకునేది. తప్పు పిట్టదీ కాదు, అప్పదీ కాదు. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసుకెళ్ళేది, మనిషి మాటకి అది చాలు. బుల్లి పిట్టల కూత చాలావరకు ఆ పైన ఉంటుంది. ఇప్పటి ఫోన్లు ఇంకాస్త పైకి వెళ్ళినా, మాట కానిదాన్ని రొద కింద లెక్కగట్టి నొక్కేస్తాయి. కాల్‌లో వినిపించొద్దు, రికార్డు చేసి పంపమన్నాను. పంపింది. ఇరవై సెకన్లలో ఆరు పిట్టల పేర్లు వచ్చాయి: డేగ, పిగిలిపిట్ట, దర్జీ పిట్ట, ఏట్రింత, ఇంకా రెండు.

కొబ్బరితోట పక్క పనసచెట్టు మీద ఆరు జాతులు సభ పెట్టాయా అని బస్సెక్కి వెళ్ళాను. అప్ప, బావ, నేను, తోట కాపలా మావ, నలుగురం చెట్టు కింద నిలబడ్డాం. ఫోన్లో పేర్లు మారుతున్నాయి. బావ డేగ కోసం ఆకాశం వెతుకుతున్నాడు. మావ నన్నే చూస్తున్నాడు.

"ఏటమ్మా, ఫోన్లోంచి పిట్టల్ని పిలుస్తన్నావా?"

"గాదు మావా, ఎవులు కూస్తన్నారో ఇది సెప్తాది."

"ఎవులు కూస్తన్నారో నాను సెప్పనా? ఒక్కటే పిట్టమ్మా. అందర్నీ ఎక్కిరిస్తంది."

చూడగా చూడగా కనిపించింది. ఆకుపచ్చ ఆకుల్లో ఆకుపచ్చ పిట్ట, గడ్డం కింద నల్లమచ్చ. జెర్డన్స్ లీఫ్‌బర్డ్. మా విజయనగరం కోట ముందు బొంకుల దిబ్బ ఉంది కానీ ఇంతటి బొంకు నేనెప్పుడూ వినలేదు. డేగ అరుపు ఎంత అచ్చంగా అరిచిందంటే యాప్‌ని తప్పు పట్టడానికి మనసొప్పలేదు. ట్రంక్ బోర్డు మీదైతే నేనూ డేగకే కలిపేసేదాన్ని. కానీ మావ ఎలా పట్టాడు? అడిగాను. డేగ నిజంగా అరిస్తే కింద కోడిపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కోదా అన్నాడు. పెట్ట హాయిగా పేడకుప్ప గీరుకుంటోంది. ఆరు గొంతులూ ఒకే కొమ్మ మీంచి, మధ్యలో ఖాళీ లేకుండా, ఒకే జోరుతో రావడం నేను తర్వాత గమనించాను. యాప్‌కి పెట్ట కనిపించదు, కొమ్మ తెలియదు. ఇక్కడ ఒక మార్కు కోశాను. కొంచెం జాలిపడుతూనే కోశాను.

ఆ జెర్డన్ ఎవరంటే, 19వ శతాబ్దంలో నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన తెల్లదొర. 1862 నుంచి 64 వరకు వచ్చిన తన పుస్తకాల్లో పిట్టల తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. మామిడితోటల్లో పసుప్పచ్చగా మెరిసే ఓరియోల్‌కి ఆయన రాసుకున్న తెలుగు పేరు వంగపండు. ఆ ఇంటిపేరుతో మన పార్వతీపురం వైపు ఎంత పెద్ద గొంతు పుట్టిందో మీకు చెప్పక్కర్లేదు. నూట అరవై ఏళ్ళ కిందటి దొరకి పట్టిన తెలుగు పేర్లు ఇప్పటి యాప్‌కి పట్టలేదు, ఇదీ నా రెండో కోత, అర మార్కు. నా ఫోన్లో పెట్టిన దాంట్లో పేర్లన్నీ ఇంగ్లీషే. పెద్ద నల్లంచి అంటే మా వీధిలో ముసలాళ్ళకి తెలుస్తుంది, ఓరియెంటల్ మాగ్పై రాబిన్ అంటే "ఎక్కడి రోగమమ్మా అది" అంటారు. ఆ పేర్ల మూట మొత్తానికి ఒక్కటే తెలుగు మాట దొరికింది నాకు. ఇండియన్ పిట్టాలో పిట్టా. మన పిట్టే. 1816లో ఒక ఫ్రెంచాయన ఆ జాతికి శాస్త్రం పేరుగా పెడితే ప్రపంచమంతా అదే అంటోంది.

నల్లంచి అంటే గుర్తొచ్చింది, నేను చేసిన ఒక వెధవ పని. యాప్‌లో ప్రతి పిట్ట కూతా వినిపించే సదుపాయం ఉంది. ఒక చైత్రమాసం పొద్దున్న, మా కరెంటు తీగ మీద నల్లంచి పాడుతుంటే, పోల్చి చూద్దామని ఫోన్లో నల్లంచి పాట పెట్టాను. అది పాట ఆపేసింది. తోక నిలబెట్టి, తీగ మీంచి డాబా మీదికి, డాబా మీంచి నా కుర్చీ వీపు మీదికి వచ్చి ఫోన్ మీద పడబోయింది. తన ఇలాకాలో ఇంకో మగాడు దూరాడనుకుంది పాపం. గూడు కట్టుకునే రోజులు, అది గంటసేపు ఆ లేని శత్రువు కోసం గోడలన్నీ వెతికింది. పాట మానేసింది, పురుగు పట్టడం మానేసింది. అప్పట్నించీ ఆ సదుపాయం ఇంట్లో తలుపులేసుకుని, ఇయర్‌ఫోన్ పెట్టుకునే వాడతాను. మీరూ అలాగే వాడండి. మొట్టమొదట రికార్డయిన పిట్టపాట కూడా దీని దాయాదిదే. 1889లో జర్మనీలో లుడ్విగ్ కాక్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాడు, పంజరంలో ఉన్న షామా పాటని ఎడిసన్ యంత్రం మీద పట్టాడు. వాడు తిరిగి వినిపిస్తే ఆ షామా ఏమనుకుందో.

చిల్లర ఫిర్యాదులు: బ్యాటరీ గంటకే సగమవుతుంది. నేను దగ్గితే అప్పుడప్పుడు కాకి అంటుంది, దాన్ని క్షమించాను. ఎదురింటివాళ్ళ కాలింగ్ బెల్ పిట్ట కూతలా మోగుతుంది, దాన్ని ఓసారి గోరింక అంది. ఉల్లిపాయల ఆటో మైకు మొదలైతే ఇక ఫోన్ జేబులో పెట్టుకోవడమే. కొంగలు గూళ్ళు కట్టే తేలినీలాపురంలో దీంతో పని లేదు. చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు ముక్కులు టపటపలాడించడం తప్ప పెద్దగా గొంతెత్తవు, పిల్లల గోల తప్ప వినడానికేమీ ఉండదు. అక్కడికి బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి.

ఎవరికి పనికొస్తుంది? ఊరికే పేరు తెలిస్తే చాలుననుకునేవాళ్ళకి బాగా పనికొస్తుంది. నాలాగా చెవి మీద పెత్తనం వదులుకోలేనివాళ్ళు ఒక పద్ధతి పెట్టుకోవాలి. నేను పాత ట్రంక్ టికెట్ లాగే ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను: టైము, ఎటునుంచి, నా ఊహ. ముందు అది రాయాలి, తర్వాతే బటన్. మొదట్లో దొంగతనంగా ముందు తెర చూసేసి ఊహ రాసేదాన్ని, ఇప్పుడు మానేశాను. పోయిన నెల అరవై మూడు టికెట్లు రాశాను. నలభై ఒకటి ఇద్దరికీ కలిశాయి. పద్నాలుగు నేను తప్పు, ఏడు అది తప్పు.

మిగిలింది ఒకటి. మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన మూడో రోజు, సాయంత్రం అయిదూ నలభై. సందడి అణగి ఊరు నిద్రమొహం వేసుకునుంది. గోడ అవతల వేపచెట్టు కింద చీకటి పడ్డచోట్నుంచి రెండే రెండు ఈలలు, మొదటిది పైకి, రెండోది కిందికి జారుతూ. నేను నల్లంచి అని రాశాను. యాప్ ఇండియన్ పిట్టా అంది, ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. దక్షిణానికి పోయే దారిలో పిట్టాలు ఆ రోజుల్లో మన తీరం మీదుగా వెళ్తాయి, అలిసిపోయి ఊళ్ళలో పెరట్లలో దిగుతాయి, ఆ వేళకే కూస్తాయి. కాబట్టి అవ్వచ్చు. నల్లంచి కూడా వేసవి దాటాక పాట మానేసి ఇలాగే తునకలు తునకలుగా ఈల వేస్తుంది. కాబట్టి కాకపోనూ వచ్చు. గోడెక్కి చూసే వయసు కాదు. పక్కింటి గుంటడ్ని పంపితే "ఏటీ లేదు మామ్మా, ఆకులు" అన్నాడు.

మర్నాడు అదే టైముకి కూర్చున్నాను, రాలేదు. ఆ టికెట్ మీద "పీపీ, పార్టీ అందుబాటులో లేదు" అని రాసి ఉంచాను. మార్కులు మూడున్నర వేసింది ఆ టికెట్‌ని లెక్కలో కలపకుండానే. వచ్చే అక్టోబరుకి కుర్చీ వేపచెట్టు వైపు వేసుకుని, కుడి చెవి అటు పెట్టి కూర్చుంటాను.